దాదా కొలతల పుస్తకంలో నాయుడు

పోయిన ఏప్రిల్‌లో డాలస్ నుంచి మా భతీజా ఒక ఫోటో పంపించాడు. బేస్‌బాల్ స్టేడియం. పచ్చగడ్డి, నడుమ ఎర్రమట్టి, ఆటగాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. అందరి వీపుల మీదా ఒకటే నంబరు, 42. మాది దర్జీల ఖాందాన్. ఎవరి ఫోటో చూసినా ముందు కుట్టు చూస్తాం, తర్వాతే మొహం. "ఏంట్రా, మీ వూరి దర్జీ అందరికీ ఒకటే నంబరు కుట్టేశాడు?" అని మెసేజ్ పెట్టాను. వాడు నవ్వుకుంటూ ఫోన్ చేశాడు.

"గల్తీ కాదు చాచా, అది ఇజ్జత్" అన్నాడు.

1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడు బ్రూక్లిన్ డాడ్జర్స్ టీము తరఫున మైదానంలోకి దిగాడు. అంతకుముందు యాభై ఏళ్ళకు పైగా పెద్ద లీగుల్లో నల్లవాళ్ళని ఆడనిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ లీగులు వేరు, వాళ్ళ గ్రౌండ్లు వేరు. ఆ గోడ దాటి వచ్చిన మనిషి నంబరు 42. 1997లో అన్ని టీములూ కలిసి ఆ నంబరుని ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేశాయి. ఏడాదికి ఒక్కరోజు, ఏప్రిల్ 15న మాత్రం, ఆడేవాళ్ళందరూ అదే వేసుకుంటారు. మా వాడు ఆ ఆట మీద ఎంత దివానా అయిపోయాడంటే, స్టేడియంలో కూర్చుని ప్రతి బంతికీ ఏమైందో పెన్సిల్‌తో కాగితం మీద గుర్తులు వేసుకుంటాడట. ఆ కాగితం ఫోటో కూడా పంపాడు. చిన్న చిన్న గళ్ళు, అంకెలు, మధ్యమధ్యలో 'కె' అక్షరం. ఆ గుర్తుల పద్ధతి పెట్టింది హెన్రీ చాడ్విక్ అనే పెద్దమనిషి. పుట్టుక ఇంగ్లాండులో, చిన్నప్పటి షౌక్ క్రికెట్, అమెరికా వెళ్ళాక బేస్‌బాల్‌కి అంకితమైపోయాడు.

"మన ఇంట్లో ఇలాంటి పిచ్చి ఎవరికీ లేదు కదా చాచా, నాకెక్కడి నుంచి వచ్చిందో" అన్నాడు భతీజా.

ఎందుకు లేదు బేటా. నీకు తెలియదంతే. నీ పర్‌దాదా కిస్సా నీకెవరూ చెప్పలేదు. ఇది నీకోసమే రాస్తున్నా, మిగతావాళ్ళు కూడా చదవండి.

మా దాదా మొవ్వ సెంటర్‌లో దర్జీ. ఆయన దగ్గర పొడుగాటి లెక్కల పుస్తకాలు ఉండేవి, ఎర్ర గుడ్డ అట్ట వేసినవి. ఎడమ వైపు నుంచి తెరిస్తే తెలుగులో కొలతలు. ఫలానా ఆసామి, ఛాతీ ఇంత, నడుం ఇంత, చెయ్యి పొడుగు ఇంత, అడ్వాన్సు రెండు రూపాయలు. అదే పుస్తకాన్ని కుడి వైపు నుంచి తెరిస్తే ఉర్దూలో క్రికెట్ స్కోర్లు. ఏ మ్యాచ్, ఏ తారీఖు, ఎవరెంత కొట్టారు, ఎవరు ఎన్ని వికెట్లు. రెండు రాతలూ రెండు వైపుల నుంచి నడుచుకుంటూ వచ్చి మధ్యలో ఎక్కడో కలిసేవి. కలిసిన రోజున కొత్త పుస్తకం కొనేవాడు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చిన రాత్రి మొవ్వలో మా ఇంటి పెంకులు లేచిపోయాయి. తడిసి ముద్దయిన పుస్తకాలు పోగా మూడు మిగిలాయి. ఇప్పుడవి నా దగ్గర ఉన్నాయి.

ఆ మూడింటిలోనూ అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించే పేరు నాయుడు. సి.కె. నాయుడు, కొఠారి కనకయ్య నాయుడు. దాదా రాత ఎక్కడ వంకర పోయినా ఆ పేరు దగ్గర మాత్రం వంకర పోదు.

బందర్ అంటే ఫార్సీలో రేవు అని మనందరికీ తెలుసు. గోల్కొండ పాదుషాల రేవు. 1611లోనే ఇంగ్లీషువాడు వచ్చి కొట్టు పెట్టుకున్న ఊరు. దాదాకి పదేళ్ళప్పుడు కోనేరు సెంటర్ దగ్గర ఒక ఉస్తాద్ దుకాణంలో కాజాలు కుట్టడానికి పెట్టారు. అక్కడికి వకీళ్ళు నల్ల గౌన్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన ఇంగ్లీషు పేపరు చదివి దుకాణంలో ఉన్నవాళ్ళకి తెలుగులో చెప్పేవాడట. 1926 డిసెంబరులో ఒకరోజు ఆయన చదివిన ఖబర్ ఇదీ: బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లాండు నుంచి వచ్చిన ఎం.సి.సి. టీము మీద నాయుడు 153 కొట్టాడు. రెండు గంటల్లోపే. అందులో 11 సిక్సర్లు. అదే మ్యాచ్‌లో ముందురోజు ఇంగ్లీషువాళ్ళ గై ఎర్ల్ 8 సిక్సర్లు కొట్టి జనాన్ని హడలెత్తించాడు. దానికి జవాబు ఈ పదకొండు. ఆ ఆట చూసి ఎం.సి.సి. వాళ్ళే నాయుడికి వెండి బ్యాట్ బహుమతిగా ఇచ్చారు.

ఖబర్ చదివేసి వకీలుగారు కళ్ళజోడు తీసి, "ఈ కుర్రాడి పెద్దలు మన బందరు వాళ్ళేనోయ్" అన్నాడట. అంతే. ఆ ఒక్కమాటకి దాదా దిల్ పోయింది. నాయుడు పుట్టింది నాగపూర్‌లో, 1895 అక్టోబరు 31న. 1923లో హోల్కర్ మహారాజు పిలిస్తే ఇండోర్ వెళ్ళి అక్కడే స్థిరపడిపోయాడు. బందరులో ఆయన ఏనాడూ ఉండలేదు. అయినా పాత బందరు వాళ్ళని ఎవరిని కదిపినా "మన నాయుడు" అనే అంటారు. మా దాదాకీ అంతే, మన నాయుడు. చూడని మనిషి మీద అంత మొహబ్బత్ ఏమిటని దాదీ దెప్పిపొడిచేది. మొవ్వలో పుట్టినవాడికి ఇది కొత్తేమీ కాదు. మా ఊరి క్షేత్రయ్య పదాలనిండా రాని మనిషి కోసం ఎదురుచూపులే.

1932 జూన్ 25. లార్డ్స్‌లో హిందుస్తాన్ మొదటి టెస్టు. కెప్టెన్‌గా వెళ్ళిన పోర్‌బందర్ మహారాజు ఆటలో తన స్థాయి తనకి తెలిసిన మనిషి, తప్పుకుని నాయుడికి పగ్గాలు ఇచ్చాడు. (తెలిసి తప్పుకున్న రాజుకి కూడా సలాం చెయ్యాలి, తర్వాత వచ్చినవాళ్ళు అలా లేరు.) ఆ రోజు పదకొండు మందిలో నలుగురు మన ముస్లింలు. వజీర్ అలీ, ఆయన తమ్ముడు నజీర్ అలీ, జహంగీర్ ఖాన్, మొహమ్మద్ నిసార్. నిసార్ వేసిన బంతులు స్టంపుల్ని లేపేస్తుంటే ఇంగ్లాండు 19 పరుగులకి 3 వికెట్లు పోగొట్టుకుంది. ఆ ఇన్నింగ్స్‌లో ఆయనకి 5 వికెట్లు. నాయుడు ఫీల్డింగ్‌లో చెయ్యి దెబ్బ తగిలించుకుని, ఆ చేత్తోనే ఆడి 40 కొట్టాడు. మన మొదటి ఇన్నింగ్స్‌లో అదే ఎక్కువ. మ్యాచ్ 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. దాదా పుస్తకంలో ఓడినట్టు రాసిన ముక్క చిన్నగా ఉంది, నిసార్ 5, నాయుడు 40 మాత్రం పెద్దగా ఉన్నాయి. ఆ టూర్ మొత్తంలో నాయుడు 1,618 పరుగులు చేశాడు. ఆ మరుసటి ఏడాది విజ్డెన్ ఆయన్ని అయిదుగురు మేటి ఆటగాళ్ళలో ఒకడిగా ఎంచింది. బర్మింగ్‌హామ్‌లో కొట్టిన ఒక సిక్సర్ నది దాటి పక్క జిల్లాలో పడిందని కిస్సా ఉంది. దాదా దాన్ని మాకు చెప్పినప్పుడల్లా కృష్ణ దాటించి రేపల్లెలో పడేసేవాడు.

ఇక్కడ ఒక సంగతి అడగాలి. అడగకుండా పోతే ఈ తారీఖ్ అబద్ధం అయిపోతుంది.

ఆ జమానాలో బొంబాయిలో అన్నిటికంటే పెద్ద టోర్నమెంటు మతాల మీద నడిచేది. 1907లో యూరోపియన్లు, పార్సీలు, హిందువులు అని మూడు టీములు. 1912లో ముస్లింలు చేరి నాలుగయ్యాయి. 1937లో మిగిలినవాళ్ళందరినీ కలిపి 'రెస్ట్' అని అయిదో టీము పెట్టారు. నాయుడు 1916లో హిందువుల టీములోనే మొదలై, ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ టీముకి పెద్ద దిక్కు. అంటే మనవాళ్ళ టీముకి ఎదురు నిలబడ్డ మనిషి. మరి మొవ్వలో ఒక సాయిబు ఆయన కోసం ఎలా కొట్టుకుపోయాడు?

దాదాని నేను ఇదే అడిగాను. ఆయన దాచకుండా చెప్పాడు. హిందువులకీ ముస్లింలకీ మ్యాచ్ అంటే ఆయన చేసే దువా ఇదీ: "యా అల్లాహ్, నాయుడు చేత సెంచరీ కొట్టించు, మ్యాచ్ మాత్రం మనవాళ్ళకి ఇప్పించు." రెండూ ఒకే మ్యాచ్‌లో అడిగేవాడు. సిగ్గుపడకుండా అడిగేవాడు. ఒకసారి ఈ దువా విని ఉస్తాద్ చెవి మెలిపెట్టాడట, ఏదో ఒకటి తేల్చుకోరా అని. తేల్చుకోలేదు. 1934, 1935లో ముస్లింలు వరసగా గెలిచారు. ఆ పేజీల్లో దాదా సంతోషం కనిపిస్తుంది, కానీ పక్కనే నాయుడు ఎంతకి అవుటయ్యాడో అది కూడా రాసి ఉంటుంది, నిట్టూర్పు లాంటి ఒక గీతతో.

ఆ టోర్నమెంటుని నేను వెనకేసుకు రావడం లేదు. హిందువుల టీములోనే పల్వంకర్ బాలూ అనే బౌలర్ సంగతి చూడండి. దళితుడు. బంతి చేతికిచ్చి వికెట్లు తియ్యమనేవాళ్ళు. చాయ్ విరామంలో మాత్రం ఆయనకి మట్టి ముంతలో బయట పోసి ఇచ్చేవాళ్ళు. కెప్టెన్సీ ఆయనకి దక్కలేదు, చివరికి 1923లో తమ్ముడు విఠల్‌కి దక్కింది. మా భతీజా చెప్పిన రాబిన్సన్ ముందు నిలబెట్టిన గోడలాంటిదే ఇది, ఇటుకలు వేరు. 1940లో గాంధీజీ కూడా ఆటలో మతానికో టీము ఏమిటి అన్నారు. 1946 తర్వాత ఆ టోర్నమెంటు మళ్ళీ జరగలేదు. మంచిదే అయింది. కానీ ఆ గోడల మధ్యే ఉండి కూడా మనుషులు ఒకరినొకరు ఎలా ప్రేమించుకున్నారో చెప్పకపోతే అది కూడా బేఇన్సాఫీ.

ముష్తాక్ అలీ కిస్సా అందుకే చెప్పాలి. ఇండోర్ పిల్లాడు, 1914లో పుట్టాడు. పదమూడేళ్ళప్పుడు నాయుడి కంట్లో పడ్డాడు. అప్పటినుంచి ఆట నేర్పడం, దారి చూపించడం నాయుడు తన మీద వేసుకున్నాడు. 1934 జనవరిలో కలకత్తా టెస్టులో పంతొమ్మిదేళ్ళ ముష్తాక్ మొదటిసారి దేశానికి ఆడినప్పుడు కెప్టెన్ నాయుడే. వచ్చింది ఎడమచేతి బౌలర్‌గా, అయ్యింది ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌గా. 1936 జూలైలో మాంచెస్టర్‌లో విజయ్ మర్చంట్‌తో కలిసి మొదటి వికెట్టుకి 203 పరుగులు. ముష్తాక్ 112, మర్చంట్ 114. పరాయి గడ్డ మీద హిందుస్తానీ కొట్టిన మొట్టమొదటి టెస్టు సెంచరీ ముష్తాక్ అలీదే. రెండో రోజు ఒక్కరోజులో రెండు టీములూ కలిపి 588 పరుగులు చేశాయి. దాదా ఆ పేజీలో తారీఖు కింద నాలుగు గీతలు కొట్టి పెట్టాడు.

ఏడాదికి ఒకసారి బొంబాయిలో ఉస్తాద్ ఒక మతం టీములో, షాగిర్ద్ ఇంకో మతం టీములో. మిగతా ఏడాదంతా ఇండోర్‌లో ఇద్దరూ ఒకే హోల్కర్ టీము. అదే టీములో నాయుడి తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా ఉన్నాడు, లెగ్ స్పిన్నర్. 1944-45 రంజీ ఫైనల్లో బొంబాయి మీద తమ్ముడు నాయుడు ఒక్క మ్యాచ్‌లో 917 బంతులు వేశాడు. అదే మ్యాచ్‌లో ముష్తాక్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టాడు. అయినా హోల్కర్ ఓడింది. ఆ తర్వాత మాత్రం నాయుడి కెప్టెన్సీలో నాలుగుసార్లు రంజీ గెలిచింది. కలకత్తా జనానికి ముష్తాక్ అంటే ప్రాణం. 1945లో ఆస్ట్రేలియా సర్వీసెస్ టీము వచ్చినప్పుడు ఆయన్ని తీసుకోలేదని తెలిసి, ముష్తాక్ లేకపోతే టెస్టు లేదని వీధుల్లో నినాదాలు చేశారు. సెలెక్టర్లు దిగిరావలసి వచ్చింది. అరిచిన గుంపులో హిందూ ఎవరు, ముస్లిం ఎవరు అని ఎవరూ లెక్కపెట్టలేదు.

1936 టూర్‌లో చెడు కూడా ఉంది. కెప్టెన్ విజ్జీ, మన విజయనగరం రాజకుమారుడు. తెలుగువాడే కదా అని ప్రేమించడానికి దాదా చాలా ప్రయత్నం చేశాడట, కుదరలేదు. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేసిన కెప్టెన్‌కి నాయుడు అంటే గిట్టదు. నాయుడిని పదిమందిలో తిట్టినవాడికి టెస్టు ఆడే ఛాన్స్ దొరికేదని ఆ రోజుల నుంచి ఒక మాట ఉంది. బాకా జిలానీ అనే మన కుర్రాడు నాష్తా బల్ల దగ్గర నాయుడి మీద నోరు పారేసుకుని ఓవల్ టెస్టులో చోటు సంపాదించాడని అంటారు. మన పేరు ఉన్నవాడు కదా అని ఈ మాట దాచాల్సిన పని లేదు. అదే ఓవల్లో గబ్బీ అలెన్ బంతి దెబ్బకి నాయుడు విలవిల్లాడి, లేచి నిలబడి 81 కొట్టాడు. అదే ఆయన చివరి టెస్టు ఇన్నింగ్స్. మొత్తం 7 టెస్టులు, 350 పరుగులు. ఈ అంకెలు చూసి ఇంతేనా అంటారు ఇప్పటి పిల్లలు. మనకి టెస్టులే లేని రోజుల్లో పుట్టిన మనిషికి ముప్పై ఆరేళ్ళు నిండాక మొదటి టెస్టు దొరికింది, ఏం చేస్తాడు.

తర్వాత 1947. అమెరికాలో రాబిన్సన్ గోడ దాటి లోపలికి వచ్చిన సంవత్సరమే మనకి కొత్త గోడ లేచింది. లార్డ్స్‌లో ఆడిన ఆ నలుగురూ, వజీర్, నజీర్, జహంగీర్, నిసార్, సరిహద్దు అవతలి మనుషులైపోయారు. ఎవరి మజ్బూరీ వాళ్ళది. నేను తీర్పు చెప్పను. ముష్తాక్ అలీ ఇండోర్‌లోనే ఉండిపోయాడు, 2005లో అక్కడే కన్నుమూశాడు. హైదరాబాద్ గులాం అహ్మద్ ఉండిపోయాడు. రంజీ తారీఖులో మొట్టమొదటి సెంచరీ కొట్టిన హైదరాబాద్ హాదీ సాహెబ్ (1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ కూడా ఆడిన మహానుభావుడు) ఉండిపోయాడు. మొవ్వలో మా దాదా కూడా ఉండిపోయాడు. ఆయన్ని ఎవరూ అడగలేదనుకోండి. అడిగినా కుట్టాల్సిన చొక్కాలు ఉన్నాయని చెప్పేవాడు.

రేడియో రోజుల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. దాదా ట్రాన్సిస్టర్ కొన్నాక దుకాణం అరుగు మీద చోటు దొరికేది కాదు. కామెంటరీ కాసేపు ఇంగ్లీషు, కాసేపు హిందీ. ఇంగ్లీషు అర్థమయ్యేవాళ్ళు ఊళ్ళో వేళ్ళ మీద లెక్క. హిందీ వచ్చేసరికి మాత్రం అందరూ దాదా మొహం చూసేవాళ్ళు. మన ఉర్దూ ఆ పూట పనికొచ్చేది. సుశీల్ దోషీ గొంతు వినపడగానే "ఈయన కూడా ఇండోర్ మనిషే, నాయుడు ఊరు" అని మొదలుపెట్టి, మిషన్ తొక్కుతూనే బంతికి బంతీ తెలుగులో చెప్పేవాడు. చేలో నుంచి వచ్చిన రైతులు తలపాగాలు తీసి పక్కన పెట్టుకుని "తర్వాత ఏమైంది సాయిబూ" అని అడిగేవాళ్ళు. అసర్ నమాజుకి దాదా లేచి వెళితే, తిరిగొచ్చేదాకా అరుగు మీద ఎవరికీ ఆట ఏమవుతోందో తెలిసేది కాదు. తొందరగా రావయ్యా అని వెనక నుంచి కేకలేసేవాళ్ళు.

1986 ఏప్రిల్ 18, జుమా రోజు. షార్జాలో ఆఖరి బంతికి జావేద్ మియాందాద్ సిక్సర్ కొట్టాడు. రాత్రికి ఖబర్ ఊరంతా తెలిసింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. మర్నాడు క్లాసులో ఒక పంతులుగారు నా వైపు చూసి, "ఏరా, మీవాళ్ళు గెలిచారుగా, ఇంట్లో మిఠాయిలు పంచుకున్నారా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు జవాబు రాలేదు. ముందురోజు రాత్రి చేతన్ శర్మ మీద కోపంతో అన్నం మానేసినవాణ్ణి నేను. ఆ మాట కూడా నోట్లోంచి రాలేదు.

ఇంటికి రాకుండా తిన్నగా దుకాణానికి పోయాను. దాదా మొహం చూసి కత్తెర పక్కన పెట్టాడు. సంగతి విన్నాడు. కోపం తెచ్చుకోలేదు, ఓదార్చనూ లేదు. పై అర మీద నుంచి పుస్తకం దించి కుడి వైపు నుంచి తెరిచాడు. నాకు ఉర్దూ అక్షరాలు కూడబలుక్కుని చదవడమే, ఆయనే వేలు పెట్టి చదివాడు.

1952 అక్టోబరు 16, ఢిల్లీ. హిందుస్తాన్ పాకిస్తాన్ల మధ్య మొట్టమొదటి టెస్టు. పాకిస్తాన్ కెప్టెన్ కార్దార్, ఆరేళ్ళ ముందు మన టీములో ఇంగ్లాండు వెళ్ళొచ్చిన అబ్దుల్ హఫీజే. మనవి 263 పరుగులకి 9 వికెట్లు పోయాయి. ఒక వైపు హేమూ అధికారి. చివరి ఆటగాడిగా దిగినవాడు గులాం అహ్మద్. మన హైదరాబాదీ, ఆఫ్ స్పిన్నర్, బ్యాటింగ్ ఆయన పని కాదు. ఇద్దరూ కలిసి ఆఖరి వికెట్టుకి 109 కొట్టారు. అధికారి 81 నాటౌట్, గులాం అహ్మద్ 50. స్కోరు 372కి చేరింది. ఆ తర్వాత మన్కడ్ మ్యాచ్ మొత్తంలో 13 వికెట్లు తీశాడు, గులాం అహ్మద్ కూడా బంతితో సాయం పట్టాడు. ఇన్నింగ్స్ 70 పరుగుల తేడాతో గెలిచాం. గులాం అహ్మద్ తర్వాత మూడు టెస్టుల్లో దేశానికి కెప్టెన్ కూడా అయ్యాడు. ఆయన బంధువుల అబ్బాయి ఆసిఫ్ ఇక్బాల్ 1961లో అవతలికి వెళ్ళి, 1979లో పాకిస్తాన్ కెప్టెన్‌గా ఇక్కడికి వచ్చాడు. ఒకే ఖాందాన్, రెండు టోపీలు.

అంతా చదివి దాదా నన్ను చూశాడు. "మియాందాద్ కొట్టిన సిక్సర్ మంచి సిక్సరే. చేతన్ యార్కర్ వెయ్యబోయాడు, ఫుల్‌టాస్ పడింది. మంచిని మంచి అనడానికి నాకు భయం లేదు. రేపు బడికి పోయి గులాం అహ్మద్ ఎవరో తెలుసా అని మీ పంతుల్ని అడుగు" అన్నాడు.

నేను అడగలేదు. మర్నాడూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. దాదా కూడా అడిగావా అని మళ్ళీ అడగలేదు. ఆ పంతులుగారు ఇప్పుడు లేరు. మా అబ్బాయి హైదరాబాద్‌లో కాలేజీలో ఉన్నాడు, మ్యాచ్ ఉన్న రోజు హాస్టల్లో వాడి గది తలుపు తట్టి ఎవరో అదే ప్రశ్న అడిగారని పోయిన ఏడాది చెప్పాడు. వాడికి ఆ పేజీ ఫోటో తీసి పంపించాను.

దాదా 1991లో వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి నేను పుస్తకాలు దులుపుతూ ఒకదాన్ని ఎడమ వైపు నుంచి తిరగేశాను, తెలుగు కొలతల వైపు నుంచి. 1953లో రాసిన పేజీలు. ఆ ఏడాది అక్టోబరు 1న మనకి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అదే సీజన్లో ఆంధ్ర టీము మొదటిసారి రంజీలో అడుగు పెట్టింది. కెప్టెన్ ఎవరనుకున్నారు, సి.కె. నాయుడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, హోల్కర్ వదిలి, పూర్వీకుల గడ్డ టీముకి వచ్చాడు. ఆ తర్వాత 61 ఏళ్ళకి యు.పి. తరఫున కూడా రంజీ ఆడాడు, 1956లో పద్మభూషణ్ అందుకున్నాడు, 1967 నవంబరు 14న ఇండోర్‌లో పోయాడు. దాదా ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. 1953లో పోదామనుకుంటే అది పెళ్ళిళ్ళ సీజను, ఒప్పుకున్న బట్టలు మిషన్ మీద ఉన్నాయి, చేతిలో చార్జీలు లేవు. ఇదంతా దాదీ చెప్పింది. తెల్ల లాంగ్‌క్లాత్ మూడు గజాలు కొని పెట్టెలో దాచాడని కూడా ఆమే చెప్పింది. తర్వాత ఆ గుడ్డ మా అబ్బాకి ఈద్ కుర్తా అయ్యిందట.

ఆ పేజీలో పై వరసలో ఒక ఆసామి, రెండు లాల్చీలు. కింది వరసలో కూచిపూడి నుంచి ఒక మేష్టారు, జుబ్బా. ఆ కింద, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో "నాయుడుగారు, చొక్కా 1" అని ఉంది. ఛాతీ, నడుం, చెయ్యి, మెడ గళ్ళు నాలుగూ ఖాళీ. అడ్వాన్సు గడిలో "వద్దు" అని రాశాడు. చివర "కొలత తీసుకోవాలి" అని ఉంది.